రాగి నీళ్లు పోసిన మూల

అచ్చంపేట నుంచి అమ్రాబాద్ పోయే తోవలో, గుట్టలు ఇంకా మొదలుకాకముందే, కుడిచేతి వైపు ఓ మట్టిరోడ్డు విడిపోతుంది. ఆ రోడ్డు ఆగేచోట ఉన్న ఊరికి అడవి దగ్గర, బజారు దూరం. పొద్దు గూకితే అడవిపందులు గుంపులుగా దిగి వేరుశనగ బుడ్డల చేలను నాగలి పెట్టి దున్నినట్టు తవ్విపోసేవి. ఆ ఊళ్లో కుర్మ గుర్వయ్య మందంటే నాలుగూళ్లకు తెలిసిన మంద. ఆయన ఒక్కగానొక్క కొడుకు దామోదర్‌కు గొర్ల వెంట తిరగడం సరిపడక, ట్రాలీ ఆటో కొనుక్కుని సంతలకు కిరాయిలు కొట్టేవాడు. ఆ దామోదర్‌ను చేసుకుని కృష్ణ ఒడ్డు ఆత్మకూరు నుంచి వచ్చిన పిల్ల పుష్ప.

తెలంగాణ వచ్చిన కొత్తలో పుష్ప మహబూబ్‌నగర్‌లో ఐటీఐ చదివింది. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు. తరగతిలో మగపిల్లలు రేడియోలు విప్పి కట్టడంలో పడి ఉంటే, పుష్పకు మాత్రం బోర్డులు చేయడం మీద మనసు పోయింది. రాగిరేకు అంటించిన పలక మీద సిరాతో గీతలు దించి, దాన్ని మందునీళ్లలో ముంచితే, గీత ఉన్నచోట రాగి నిలుస్తుంది, లేనిచోట కరిగిపోతుంది. ఆఖరికి పలక మీద సన్నని రాగి బాటలు మిగులుతాయి. వాటి మీదుగానే కరెంటు నడుస్తుంది. మొదటిసారి అది తన చేతిలో తేలినప్పుడు పుష్ప ఆ పలకను కొంగులో దాచుకుని హాస్టలుకు తీసుకుపోయింది.

పెళ్లిచూపులనాడు దామోదర్ ఆమెతో విడిగా మాట్లాడుతూ, "నువ్వు పని జేస్తనంటే నేనెందుకు వద్దంట?" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. అతను ఎన్నడూ వద్దనలేదు. వద్దనవలసిన పని అతనికి పడలేదు, అంతే.

పెళ్లైన ఏడాదికే ఆ పని వెతుక్కుంటూ వచ్చింది. అచ్చంపేటలో డానియల్‌కు కరెంటు సామాన్ల దుకాణం ఉంది. పందుల బాధ పడలేక రైతులు చేను చుట్టూ సన్నని తీగ కట్టి, దానికి ఝట్కా మిషన్ పెట్టుకునేవారు. తీగ తగిలితే చావకుండా గట్టిగా కొట్టి తరిమే మిషన్ అది. డానియల్ ఆ మిషన్లు తయారుచేసి అమ్మేవాడు. లోపలి భాగాలన్నీ విడివిడి తీగలతో అతికించేవాడు కనుక, వానకు ఓ తీగ ఊడితే మిషన్ మూలన పడేది. ఓరోజు దామోదర్‌తో పాటు దుకాణానికి పోయిన పుష్ప ఆ తీగల చిక్కును చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నవ్వుతవేంది చెల్లే?" అన్నాడు డానియల్.

"గిన్ని తీగలెందుకన్నా? బోర్డు జేస్తే అయిపాయె."

"ఎవలు జేస్తరు? పట్నం నుంచి తెప్పియ్యాల్నంటే ఒకటీ రెండూ ఇయ్యరు."

"నేను జేస్త."

చేసి చూపింది. డానియల్ ఆ బోర్డును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. "రేపటి సంది దుకాన్లకు రా. ఆ బల్ల నీదే" అన్నాడు. వీధి కనిపించే కిటికీ పక్కన ఉంది ఆ బల్ల. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో పుష్ప ఆ బల్ల గురించే మాట్లాడింది.

ఇంట్లో సంగతి చెప్పగానే అత్త గుర్వమ్మ చేటలోని బియ్యం పక్కన పెట్టేసింది.

"కుర్మోళ్ల కోడలు బజార్ల దుకాన్ల కూసుంటదా? పొద్దుగాల బస్సెక్కి పోయి పొద్దూకి వస్తదా? నలుగురేమంటరు?"

దామోదర్ తండ్రి మొహం చూశాడు. గుర్వయ్య కఠినుడు కాడు. కోడలి కళ్లు చూసి ఆయన మనసు కరిగింది. ఆలోచించి ఆలోచించి, తాను చేయగలిగినంత మేలు చేశాడు.

"చేతిల ఇద్దె ఉన్నదాన్ని ఊకె కూసోవెట్టుడు గూడ తప్పేనే. ఇంట్లనే జేస్కోని. దొడ్డి పక్క ఉన్ని అర్ర ఖాళీ జేసి ఇస్త. సామాను మనోడు తెస్తడు, మనోడే ఇచ్చొస్తడు. ఏమంటవ్ బిడ్డా?"

ఏమనగలదు? కోరింది పని, ఇచ్చింది పని. దొరకనిది కిటికీ పక్కన బల్ల ఒక్కటే. దానికోసం అలిగితే ఎవరికైనా చిన్నతనంగానే తోస్తుంది. "సరే మామా" అంది.

ఉన్ని అర్రకు రాతిగోడలు, రేకు తలుపు. ఒక గోడకు అవతల గొర్ల దొడ్డి. కిటికీ లేదు. పెట్టించమని పుష్ప అడిగితే, "పాత గోడ బిడ్డా, ఓ రాయి గుంజితే మొత్తం కూలుతది" అన్నాడు గుర్వయ్య. గోడ అడుగున, నేలకు ఆనుకుని, నీళ్లు పోయే తూము మాత్రం ఉంది. అది దొడ్డి మూలకు తెరుచుకునేది.

పని అందులోనే మొదలైంది. డానియల్ నున్నటి కాగితం మీద అచ్చుకొట్టించి పంపిన గీతలను రాగిపలక మీద బోర్లించి, ఇస్త్రీ పెట్టెతో గట్టిగా అదిమేది. నీళ్లలో నానబెట్టి కాగితాన్ని వేలితో రుద్ది ఊడదీస్తే నల్లటి గీతలు పలక మీద మిగిలేవి. ప్లాస్టిక్ టబ్బులో ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పలకను ముంచి, పిల్లను ఊయలలో ఊపినట్టు మెల్లగా అటూ ఇటూ ఊపేది. తుప్పు రంగు నీళ్లలో రాగి పొర కరిగి మాయమయ్యేది. కడిగి, రంధ్రాలు తొలిచి, ఒక్కో భాగాన్ని అతికేది. ఆ ఇంట్లో ఆ నీళ్లను 'పుష్ప మందు' అనేవారు. మందు పడిన చీర పసుపుగోధుమ మరక పట్టి ఇక ఎన్ని ఉతుకులకూ వదిలేది కాదు. వేళ్లూ అంతే.

పలకలు మునిగిన కొద్దీ మందు బలం తగ్గి, రంగు పచ్చబడి పనికిరాకుండా పోయేది. ఆ నీళ్లను ఊరికే పారబోయొద్దనీ, సున్నమో సోడానో కలిపి విషం విరిచి పోయాలనీ ఐటీఐలో సారు చెప్పినట్టు పుష్పకు లీలగా గుర్తు. ఫోనులో డానియల్‌ను అడిగింది.

"మట్టిల పొయ్యి చెల్లే. మట్టి తినని ఇషముంటదా?" అన్నాడతను.

మొదట్లో పుష్ప సున్నం కలిపే పోసింది. తర్వాత పని పెరిగింది. పందులు మరీ పెరిగి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా డానియల్ మిషన్ కోసం ఎగబడ్డారు. వానకు కూడా ఆగదన్న పేరు వచ్చింది. సున్నం అయిపోయిన రోజున తెమ్మని చెప్పడం మరిచిపోయింది. మరునాడు గుర్తుకు వచ్చినా, బోర్డులకు దామోదర్ తొందర పెడుతుంటే తూములోనే పోసేసింది. ఆ తర్వాత అదే అలవాటైంది.

ఏళ్లు గడిచాయి. ఊళ్లో ఆడవాళ్లు పుష్పను చూసి, "అదృష్టమంటే నీదే. ఇల్లు కదలకుంట పని" అనేవారు. నిజంగానే ఆమె ఇల్లు కదిలేది కాదు. దామోదర్ సామాను తెచ్చేవాడు, చేసినవి తీసుకుపోయేవాడు. అచ్చంపేట బజారు చూసి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తు లేదు. దుకాణం మాట మళ్లీ ఒకసారి ఎత్తితే దామోదర్ ఆశ్చర్యపోయాడు.

"ఇంట్లనే మంచిగ నడుస్తుంది గద పుష్పా! ఇంక బజారెందుకు?"

పని చెడితే పనికిరాదని మాన్పించేవారు. బాగా చేసినందుకు అర్రలోనే ఉండమన్నారు. ఎటు తిరిగినా ఆ రేకు తలుపు దగ్గరికే వచ్చి ఆగుతున్నట్టు ఉండేది ఆమెకు. ఒక్కోసారి టబ్బు ఊపుతూ ఊపుతూ ఊపిరాడనట్టై బయటికి వచ్చి, దొడ్డి గోడ మీద మోచేతులు ఆనించి నిలబడేది. పొద్దుగూకే వేళ మంద దొడ్డిలోకి వచ్చేది. వచ్చీరాగానే గొర్లు తోసుకుంటూ ఆ తూము మూలకే పోయి నేలను నాకేవి. మట్టి మీద ఉప్పు పేరినట్టు తెల్లగా, అక్కడక్కడ పచ్చగా పొర కట్టి ఉండేది.

"సూడు, ఎట్ల నాకుతున్నయో! గొర్లకు ఉప్పు పెట్టే పని తప్పించినవ్ నువ్వు" అని గుర్వమ్మ నవ్వేది. పుష్పా నవ్వేది.

ఆ ఏడు వానలు వెనకబడి, గొర్లకు ఉన్ని కత్తిరించిన నాలుగు రోజులకే ముసురు పట్టింది. ముసురులో ఓ తల్లిగొర్రె మేత ముట్టలేదు. తల గోడకు ఆనించి నిలబడింది. దాని మూత్రం చాయ్ డికాషన్ రంగులో పడింది. మరునాటికి చచ్చిపోయింది. గుర్వయ్య చలి అనుకున్నాడు. తర్వాత ఇంకోటి, ఆ వెంటనే సూడిగొర్రె ఒకటి. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే లోపల పసుపు కొమ్ము రంగు. గుర్వయ్య తనకు తెలిసిన ఆకు పసరులన్నీ తాపాడు. కులదేవుడు బీరప్పకు మొక్కుకున్నాడు. చచ్చినదాన్ని ఈడ్చుకుపోయి పాతిపెట్టి వచ్చేలోగా మరోటి కూలబడేది. చిన్నప్పటి నుంచీ మంద తప్ప ఇంకో లోకం తెలియని మనిషి, దొడ్డి గుమ్మంలో గొంగడి కప్పుకుని కూర్చుని, ఎవరు పలకరించినా లేచేవాడు కాదు.

దామోదర్ పోయి పశువుల డాక్టరమ్మను తోలుకొచ్చాడు. హారిక అనే ఆ డాక్టరమ్మ కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. అప్పుడే చచ్చిన గొర్రెను అందరి ముందే కోసి చూసింది. మాంసం పసుపు పూసినట్టుంది. మూత్రపిండాలు బొగ్గుల్లా నల్లగా ఉన్నాయి. ఆమె వాటిని తిప్పి తిప్పి చూసి, గుర్వయ్యను అడిగింది.

"పెద్దయ్యా, మైలుతుత్తం గానీ ఏమన్న తాపిన్రా? కాలి డెక్కలకు పెట్టిన్రా?"

"లేదమ్మా. అది మా ఇంట్ల లేనే లేదు."

"మేకలు గూడ గీ దొడ్డిలనే ఉంటయా? వాటికేం గాలేదా?"

"మేకలు మంచిగనే ఉన్నయి."

డాక్టరమ్మ తల ఆడించింది. "నాకైతే రాగి విషం లెక్క కనవడుతుంది. మేకలైతే తట్టుకుంటయి గనీ గొర్రెకు రాగి అస్సలు పడదు. నెలల తరవడి కొంచెం కొంచెం కార్జంల పేరుకుంటది. పైకి ఏం తెల్వదు. ఏదన్న గాబరా అయితే, గిట్ల చలో ముసురో తగిలితే, ఒక్కపారి రక్తంలకు దుంకుతది. కార్జం ముక్క ల్యాబుకు పంపిస్త. మిగిలినవాటికి ఇంజక్షన్లు ఏస్త. ముందుగాల గవి ఏం తింటున్నయో, ఎక్కడ నాకుతున్నయో చూడున్రి."

చేతులు కడుక్కోవడానికి ఆమెకు నీళ్లు పోస్తున్నది పుష్పే. రాగి అన్న మాట వినగానే చెంబు వంగిపోయి నీళ్లన్నీ డాక్టరమ్మ చెప్పుల మీద పడ్డాయి. "భయపడకమ్మా, మనుషులకేం కాదు" అంది హారిక. పుష్ప తల ఎత్తలేదు. తల ఎత్తితే ఆ తూము మూల కనిపిస్తుంది.

ఆ మాట అప్పుడే, అక్కడే చెప్పి ఉండవలసింది. నోరు తెరిచింది కూడా. కానీ ఆలోగా గుంపులోంచి ఎవరో, "మైలుతుత్తమంటే రాగే గద డాక్టరమ్మా?" అన్నారు. డాక్టరమ్మ అవునంది. "గట్లయితే మైలుతుత్తం ఎవలింట్ల ఉన్నదో మాకెర్కే" అని ఇంకో గొంతు లేచింది.

బిక్షమ్మ ఇంట్లో ఉంది. దొడ్డికి అవతలి చేను ఆమెది. మొగుడు పోయాక ఒంటిగా టమాట వేసుకుని బతుకుతున్నది. తెగులు మందుకని ఆ నెలలోనే మైలుతుత్తం తెచ్చుకుంది. నిరుడు గుర్వయ్య గొర్లు పడి చేను మేస్తే, నడి బజారులో నిలబడి "మీ మంద మన్నుగాను" అని తిట్టింది కూడా. ఇంకేం కావాలి? డాక్టరమ్మ బండి ఊరు దాటీ దాటకముందే నలుగురు బిక్షమ్మ ఇంటి మీదికి పోయారు. దామోదర్ ముందున్నాడు. అతను చెడ్డవాడు కాడు. తండ్రిని ఆ గుమ్మంలో అట్లా చూసి చూసి మతి తప్పి ఉన్నాడు.

"నేను పెట్టలే అయ్యా! నా కండ్లు పోవాలె, నేను పెట్టలే!" అని బిక్షమ్మ మొత్తుకుంటూ డబ్బాను గుండెకు హత్తుకుంది. దామోదర్ డబ్బా గుంజాడు. ఆమె వదలలేదు. తోసేశాడు. అరుగు మీంచి పడి, కుడిచేయి కిందపడి మణికట్టు విరిగింది. ఆ కేక గుర్వయ్య ఇంటి దాకా వినిపించింది.

పుష్ప అర్రలో ఉంది. రేకు తలుపు మూసుకుని, టబ్బు ముందు కూర్చుని ఉంది.

దామోదర్ ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా పుష్ప అతని పక్కన నిలబడి, మెల్లగా మొత్తం చెప్పింది. చెప్తున్నంతసేపూ అతను కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూనే ఉన్నాడు.

"నోర్ముయ్" అన్నాడు చివరికి. కోపంగా కాదు, బతిమాలినట్టు. "ఇప్పుడు గీ మాట బయటవడితే నా గతేంది? ఆమె ఠాణాకు పోతది. తప్పు చేసినదాన్ని కొట్టినోని లెక్క గాదు, తప్పు చెయ్యనిదాని చెయ్యి ఇరగ్గొట్టినోని లెక్క తీస్కపోతరు నన్ను. బాపు సంగతేంది? నీ చేతుల్ల ఆయన మంద సచ్చిందంటే బతుకుతడా?"

"మరి బిక్షమ్మ పెద్దమ్మ?"

"చేతికి కట్టు గట్టిపిస్త. పైసలిస్త. ఊకో."

డానియల్‌కు ఫోను చేసింది. విన్నాడు. "నా పేరు తియ్యకు చెల్లే. మట్టిల పొయ్యమన్న గనీ గొర్ల దొడ్ల పొయ్యమన్ననా?" అన్నాడు. అదీ నిజమే.

ఆ రాత్రి పుష్పకు ఏ దిక్కుకూ దారి కనిపించలేదు. చెప్తే మొగుడు లోపలికి పోతాడు, మామ మంచం పడతాడు. చెప్పకపోతే చేయి విరిగిన ముసలామె ఊరొదిలి పోతుంది. దామోదర్ ఆ మూల మీద నాలుగు తట్టల మన్ను కప్పాడు. ఇక ఎవరికీ ఏమీ కనిపించదు. ల్యాబు వాళ్లు రాగి అని మాత్రమే రాస్తారు. ఏ రాగి అని రాయరు. ఆ సంగతి బయటపెట్టగల మనిషి ఊళ్లో తానొక్కతే.

తెల్లారి పంచాయతీ ఆఫీసు ముందు గచ్చు మీద ఊరు కూడింది. కుల పెద్ద బుచ్చయ్య నడుమ కూర్చున్నాడు. బిక్షమ్మ చేతికి పాత చీర పేలిక కట్టుకుని ఓ పక్కన కూలబడి ఉంది. చేయి వాచి బూరెలా ఉంది. దవాఖానకు తీసుకుపోవడానికి పంచాయతీ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"ఒప్పుకో బిక్షమ్మా. ఒప్పుకుంటే తక్కువల వోతది. లేకుంటే నీ చేన్లకు కూలోళ్లు రారు, నీకు ఈ ఊళ్ల నిప్పు పుట్టది" అన్నాడు బుచ్చయ్య.

బిక్షమ్మ ఏడవడం మానేసింది. ఎదురుగా ఎటో చూస్తూ, "నేను పెట్టలే" అంది. ఆ మాటలో ఎవరైనా నమ్ముతారన్న ఆశ లేదు. ఇంకో మాట తెలియక అదే అన్నట్టుంది.

ఆడవాళ్ల వెనక నిలబడ్డ పుష్ప తనకు తెలియకుండానే ముందుకు నడిచింది. గుర్వమ్మ కొంగు పట్టి లాగింది. దామోదర్ అంత దూరం నుంచే తల అడ్డంగా ఆడించాడు.

"పెద్దమ్మ పెట్టలే. నేను పోసిన" అంది పుష్ప.

ఎవరికీ అర్థం కాలేదు. ఎవరో నవ్వారు కూడా. "కాపాడనీకె చెప్తుంది" అన్నారు. అప్పుడు పుష్ప గుర్వయ్య వైపు తిరిగి, ఆయనొక్కడే అక్కడ ఉన్నట్టు చెప్పింది. "బోర్డు మీది రాగి నా మందుల కరుగుతది మామా. ఆ మందు పాడైనంక తూములకెల్లి దొడ్ల పోసిన. ఏండ్ల సంది పోస్తున్న. ఆ మూలకే గొర్లు నాకుతుండె. సున్నం కలపాలని నాకు తెలుసు. కలపలే."

గుర్వయ్య లేచాడు. ఎవరినీ చూడకుండా ఇంటి వైపు నడిచాడు. ఊరంతా వెంట పోయింది. దొడ్డి మూలలో కొత్తగా పోసిన మన్ను చూసి, ఒక్క క్షణం కొడుకు వైపు చూశాడు. కర్రతో ఆ మన్ను పక్కకు తోసి, కింది నేల మీది పొరను గోటితో గీకి, నాలుక మీద పెట్టుకున్నాడు. నలభై ఏళ్లుగా గొర్లకు ఉప్పు పెట్టిన చేయి అది.

"ఉప్పే" అన్నాడు. ఉమ్మేశాడు. మిగిలిన గొర్లను దొడ్డి బయటికి తోలడం మొదలుపెట్టాడు.

బిక్షమ్మను, తోసేసిన ఆ దామోదరే తన ఆటోలో అచ్చంపేట దవాఖానకు తీసుకుపోయాడు. పుష్ప వెంట పోయి ఆమె పక్కన కూర్చుంది. ఆటో దిగేటప్పుడు బిక్షమ్మ అంది.

"ఈ మాట నిన్న అని ఉంటే నా చెయ్యి ఇరుగకపోవు గద పిల్లా."

ఆమె ఠాణాకు పోలేదు. ఎందుకు పోలేదో ఎవరికీ చెప్పలేదు. అందువల్ల దామోదర్‌కు భయం వదలలేదు. ఏ రోజు మనసు మారి పోతుందోనని ఆమె గడప ముందు నుంచి పోయినప్పుడల్లా ఆటో వేగం తగ్గించేవాడు.

ఇంజక్షన్లకు సగం మంద నిలిచింది. డాక్టరమ్మ చెప్పినట్టు ఆ మూల మన్నంతా పుష్ప ఒక్కతే తవ్వి, సున్నం కలిపి గోనె సంచుల్లో నింపింది. ఊటబావులకు దూరంగా గట్టు మీద లోతుగా పాతేదాకా ఎవరినీ చేయి వేయనివ్వలేదు. వేస్తామని ఎవరూ రాలేదు కూడా. గుర్వమ్మ ఉన్ని అర్రకు తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకుంది. కోడలిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని పుష్పకు అనిపించేది. దొడ్డి పనులకు పిలవడం మానేశారు. పాలు పిండే చెంబు ఆమె ముట్టుకుంటే గుర్వమ్మ మళ్లీ కడిగేది. ఆత్మకూరుకు ఫోను చేస్తే తల్లి, "ఇప్పుడొస్తే తప్పించుకొని వచ్చినట్టుంటది బిడ్డా. ఉండు, సల్లబడని" అంది. అప్పటిదాకా అర్ర ఒక్కటే ఇరుకు. ఇప్పుడు వాకిలీ ఇరుకే, ఊరూ ఇరుకే. బావికాడికి పోతే మాటలు ఆగిపోయేవి.

గుర్వయ్య ఆమెతో మాట్లాడి ఏడాది దాటింది. ఓరోజు పొద్దున ఆమె వాకిలి ఊడుస్తుంటే, ఒక గొర్రెను ఒళ్లో పట్టుకుని వచ్చి, కంటి రెప్ప కిందికి లాగి చూపించాడు.

"పచ్చగున్నదా?"

పుష్ప చీపురు పడేసి వంగి చూసింది. "లేదు మామా. ఎర్రగనే ఉంది."

"మంచిగ సూడు."

మళ్లీ చూసింది. "మంచిగనే ఉంది."

ఆయన గొర్రెను దించాడు. పోతూ పోతూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఆ దుకాన్ల పని ఉన్నదేమో అడుగు. ఆడనే జేస్కో. ఇంటికి మాత్రం తేకు."

గుర్వమ్మ ఈసారి అడ్డు రాలేదు. నలుగురు ఏమంటారన్న భయం అప్పటికే ఆ ఇంట్లో అరిగిపోయింది.

డానియల్ దుకాణంలో అన్నీ మారాయి. బోర్డులు ఇప్పుడు పట్నం నుంచి కొరియర్‌లో వస్తున్నాయి, ఆకుపచ్చ రంగువి, అచ్చుగుద్దినట్టు. ఎవరూ టబ్బులు ఊపనక్కరలేదు. గీతలు కంప్యూటర్‌లో గీసి పంపితే చాలు, అక్కడి ఫ్యాక్టరీ చేసి పంపుతుంది. పుష్ప ఆ గీతలు గీయడం నేర్చుకుంది, వచ్చినవాటికి భాగాలు అతికేది. కిటికీ పక్కన బల్ల అట్లాగే ఉంది. దాని మీద ఇప్పుడు ఫ్యాన్ల అట్టపెట్టెలున్నాయి.

"ఏమనుకోకు చెల్లే. మీ దిక్కు రైతులు వస్తుంటరు. నిన్ను ముంగట చూస్తే జర..." అని డానియల్ మధ్యలో ఆపేశాడు. ప్లైవుడ్ చెక్క కొట్టి వేరుచేసిన వెనక గది చూపించాడు. పుష్ప ఆ గదిలో కూర్చుంది. ఇంతకుముందు కోరుకున్న బజారుకు వచ్చింది గానీ, వినిపించే బేరాల గొంతుల్లోంచే బజారును ఊహించుకోవాలి. ఎదిరించాలని ఒకటి రెండుసార్లు అనుకుంది. ఏ మొహంతో అని ఊరుకుంది. పొద్దున బస్సు, పొద్దూకే ముందు బస్సు. ఇంటికి రాగానే దొడ్డి వైపు పోకుండా చుట్టూ తిరిగి పెరటి గుమ్మంలోంచి పోయి తలస్నానం చేయాలి. అది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఆమె పెట్టుకున్నదే.

బస్సులో ఆమె పక్క సీటు తరచూ ఖాళీగానే ఉండేది. ఊరివాళ్లు నిలబడైనా ఉండేవారు. మొన్న ఎండాకాలం ఓనాడు బిక్షమ్మ బస్సెక్కింది. మణికట్టు వంకరగానే అతుక్కుంది. టమాటల సంచిని ఎడమచేత్తో ఈడ్చుకుంటూ వచ్చి, బస్సు కదిలే కుదుపుకు నిలదొక్కుకోలేక, పుష్ప పక్కన కూలబడింది. కొంతదూరం పోయాక, ఆ సంచిని ఎత్తి పుష్ప ఒళ్లో పడేసింది.

"పట్టుకో. నాతోటి గాదు. నీ వల్లనే గద."

"అవును పెద్దమ్మా" అంది పుష్ప.

సంచి బరువుగా ఉంది. అడుగున పండినవి నలిగి రసం చీరకు దిగుతున్నది. పుష్ప దాన్ని రెండు చేతులతో హత్తుకుని కూర్చుంది. బిక్షమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ, కూలీల సంగతీ, టమాట ధర సంగతీ ఎవరికో చెప్తున్నట్టు చెప్పుకుపోయింది. హాజీపూర్ దాటింది. పుష్ప మధ్యమధ్యలో ఊఁ కొట్టింది.